తువ్వాలు కింది వేళ్లు

మొన్నటి ఉరుముకు
కాటా రూములో పాత మిషను మాడిపోయింది.
ఆ కమురు వాసన చొక్కాకు ఉండగానే
ఈరన్న కొత్త డబ్బాను చంటిబిడ్డ లెక్క ఎత్తుకొని
ఆదోని పత్తి మార్కెట్టు ఎదురుసందులో
నా అంగడి మెట్లెక్కినాడు.

"కొత్తదే గానీ మాబన్నా, దీనికి పాత బుద్ధి పెట్టల్ల.
లారీ తూకం సాఫ్టువేరు రాసినాయప్ప
పోయి ఏడేండ్లాయ.
ఆ పాత విండోసులో తప్ప అది లేసి నిలబడదు."

డిస్కు పెట్టినా.
నీలం తెర.
తెల్లక్షరాలు బారులు తీరి, ఆగి,
కడాకు ఒకటే మాట:
హార్డ్ డిస్కు ఏదీ కనబడలేదు.

ఈరన్న డబ్బాకు చెవి ఆనించినాడు.
"లోపల తిరుగుతాంది కదప్పా!
గుయ్యిమంటాంది. లేదంటాదేంది?"

ఉంది. నిజమే.
ఉన్న మనిషిని లేడనడం
రేషను లిస్టుకు తెలుసు, బ్యాంకు కౌంటరుకు తెలుసు.
వాటికి పొగరు.
దీనికి పాపం, తెలీక.

సంతలో ఎద్దుల బేరం చూసింటావు ఈరన్నా.
ఇద్దరు తువ్వాలు కప్పుకొని
కింద వేళ్లు పట్టుకుంటారు.
మూడు వేళ్లు నొక్కితే ఒక ధర,
బొటనేలు మడిస్తే ఇంకొకటి.
చుట్టూ నూరుమంది నిలబడినా
వేళ్లు తెలిసినోనికే బేరం.
ఈ డిస్కు పుట్టిన ఏడు
ఆ హార్డ్ డిస్కు వేళ్లు ఇంకా పుట్టలేదు.

"అయితే నేర్పియ్యి."

నేర్పనీకి దోవుంది. ఎఫ్ ఆరు నొక్కితే
ఫ్లాపీ ఇయ్యమంటాది.
ఊరంతా గాలిస్తే దొరికింది ఒకటే ఫ్లాపీ,
మా షంషాద్ టీ గ్లాసు కింద పెట్టుకునేది.
దాన్ని మింగే నోరు ఏ మిషనుకూ లేదు.

అందుకే డిస్కు పొట్ట విప్పి
ఫోల్డరులో పరిచినా.
వేల ఫైళ్లు, పేర్లన్నీ సగం కొరికినట్టు.
వాటి నడుమ చారెడు ఆవాలంత డ్రైవరు,
దాన్ని పిలిచే వరస ఒకటి, పట్టీలో ఒక గీత కింద.
కామా తప్పితే అంతే సంగతులు.
మళ్లీ కుట్టి, కాల్చి, పెట్టినా.

నీలం తెర. సున్నా ఎక్స్ ఏడు బీ.
వేరే చిప్పు వేళ్లు నేర్పించినానంట!
ఒక్క అంకె తేడా.

రెండోది ఎనభై శాతంలో ఉండగా
కరెంటు పోయింది.

ఈరన్న ఫోను మోగుతానే ఉంది.
గేటు కాడ పదకొండు ట్రాక్టర్లు,
పత్తి మీద మబ్బు,
బోరాల మీద కూసున్న హంపమ్మ తిట్టేది
స్పీకరు లేకుండానే వినొస్తాంది.
ఆయప్ప ఫోను తిరగేసి బల్ల మీద పెట్టి
బీడీ తీసి, నా మొగం చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మూడోది నిదానంగా కాల్చినా.
పాత రైటరు, తొందరపెడితే అలుగుతాది.
టీ రెండుసార్లు వచ్చింది.
మూత మూసినా.
తెల్లక్షరాలు. బారు. ఇంకో బారు.
ఆగింది.
ఈసారి ఊపిరి పీల్చుకునేదానికి ఆగినట్టుంది.

తర్వాత, ఒక వరస.
డిస్కు పేరు, పక్కన బరువు.
ఇంగ్లీషు రాని ఈరన్న అంకెలు మటుకు గడగడ చదివినాడు:
"నాలుగు లక్షల డెబ్బై ఆరు వేలు...
కేజీలా, క్వింటాళ్లా?"

నాకు నవ్వాగలేదు.
కాటా మనిషికి కనబడిందంతా తూకమే.

రాత్రి తొమ్మిదికి హంపమ్మ చీటీ బయటికొచ్చింది.
తేదీ తప్పు, ఎప్పటిదో జనవరి ఒకటి.
ఆయమ్మ తేదీ చూడలేదు,
కేజీలు రెండుసార్లు అడిగింది.

ఇంకో కాపీ తీసి, కవరు మీద మార్కరుతో
'ఈరన్న కాటా' అని రాసి అరలో పెట్టినా.
పక్కన ఇట్లాంటివే నలభై ఉన్నాయి.
నేను ఊర్లో లేని రోజు
ఏది ఎవరి వేళ్లో చెప్పేవాళ్లు లేరు.

చెడిన రెండు డిస్కులు
ఈరన్న ఊరికే అడిగి తీసుకపోయినాడు.
జొన్నచేన్లో దారం కట్టి వేలాడదీసినాడంట.
ఎండకు తళుక్కుమంటే
పిచ్చుకలు లేసిపోతాన్నాయంట.

వాటికి ఏ డ్రైవరూ ఎక్కించలేదు నేను.